వంకర వేలి టర్కీలు

థాంక్స్‌గివింగ్ పండుగ వారంలో ఆ మిన్నెసోటా చర్చి నేలగదిలోని పసిపిల్లల బడిలో చదువంతా ఆ పండుగకి వండుకునే టర్కీ కోడి చుట్టూనే తిరిగింది. లెక్కలంటే కోడి ఈకలు, పాటంటే కోడి పాట. నాలుగేళ్ళ సోల్వేకి అందులో ఒక్కటే ముఖ్యం. అరచేతికి రంగు పూసి కాగితం మీద అద్దితే వచ్చే టర్కీ. బొటనవేలు తల, మిగతా వేళ్ళు ఈకలు.

సోల్వే నాన్న లారీ తోలతాడు. పోయినేడు ఆమె వేసిన టర్కీ ఆయన బండి అద్దం పక్కన ఎండకి వెలిసిపోయింది.

"ఈసారి కొత్తది కావాలమ్మా," అన్నాడాయన ఫోనులో. "ఇది చూసి కాఫీ ఒలికిందా అని అడుగుతున్నారు." బడి విందు రోజుకి వచ్చి, పండుగ భోజనం కాగానే మళ్ళీ బండెక్కుతాడు.

పంతులమ్మ మిస్ లొరెట్టా దిగులు వేరు. పోయినేడు తల్లులంతా పక్క తరగతి వాళ్ళు టర్కీలు అతికించిన గోడ ముందు ఫోటోలు దిగారు. ఈవిడ గది గోడకి మాత్రం చలికోట్లు తగిలించారు. ఈసారి తన గోడే అందంగా ఉండాలి.

విందుకి ముందు రోజు టర్కీలు వేయించింది. రంగు చల్లగా తగలగానే ఒకడు చెయ్యి జుట్టుకి తుడుచుకున్నాడు. ఒకతె నాకి చూసింది. బొద్దుగా ఉండే ఆట్టో రెండు చేతులూ కలిపి అద్దేసి, "నా కోడికి రెండు తోకలు" అన్నాడు.

"కోడి మీంచి బండి వెళ్ళినట్టుంది బంగారం," అంది మిస్ లొరెట్టా.

ఆవిడ కళ్ళు సోల్వే మీద పడ్డాయి. రంగు పూయడానికి చెయ్యి చాపి, బొమ్మలా కదలకుండా నిలబడింది ఆ పిల్ల.

"నువ్వెంత బుద్ధిమంతురాలివే. ఆట్టోకి నీ చెయ్యి అరువిస్తావా? నీది ఆఖర్న తీరిగ్గా వేద్దాం."

సోల్వే తలూపింది. ఆట్టోకి అచ్చు పడింది. తరవాత జుట్టుకి తుడుచుకున్నవాడికి, నాకినదానికి, గదిలో ప్రతి ఒక్కరికీ పడింది. చివరికి తన వంతు వచ్చేసరికి చెయ్యి గుంజుతోంది, ఎండిన రంగు దురద పెడుతోంది. కాగితం మీద చెయ్యి జారి, ఈకలన్నీ ఒక పక్కకి సాగిపోయాయి.

"రేపు ఇంకోటి వేద్దాంలే," అంటూ మిస్ లొరెట్టా దాన్ని చెత్తబుట్టలో పడేసి, ఎవరు దేనికి కృతజ్ఞతలు చెబుతారో పండుగ ఆనవాయితీగా ఈకల మీద రాయడానికి కూర్చుంది. ముందు సోల్వేనే అడిగింది. "దేనికి కృతజ్ఞతలు చెబుతావు?"

"నాన్న లారీ హారన్‌కి."

"అంటే కుటుంబానికేగా," అని ఆవిడ అందరి ఈకల మీదా కుటుంబమనే రాసింది. ఆట్టో చెప్పింది వేయించిన బంగాళాదుంపలకి.

ఆవిడ అటు తిరగగానే సోల్వే బుట్టలోంచి తన కాగితం తీసి, మంచు బూటులో దాచింది.

ఆ రేపు విందు రోజే అయింది. తల్లులు గుమ్మడికాయ పైలతో, చీజు మాకరోనీతో దిగారు. సోల్వే టర్కీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

"మా ఆట్టో చెయ్యి ఎంత చిట్టిదో," అని వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. ఫోటో కోసం వాడి చేతిని గోడ మీది అచ్చు మీద పెడితే, చెయ్యి అన్ని వైపులా పొర్లిపోయింది.

"ఒక్క రోజులో ఎంత పెరిగాడు," అందావిడ.

"పాలు బాగా తాగుతున్నాడుగా," అన్నాడు వాళ్ళ నాన్న.

అంతలో సోల్వే నాన్న బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు. గోడంతా వెతికాడు. కూతురి పేరు లేదు. మళ్ళీ మొదటినుంచీ చూసి ఆగాడు.

"ఇదేంటి, అన్ని కోళ్ళకీ చివరి ఈక వంకరే," అంటూ తన చిటికెన వేలు పైకెత్తాడు. అదీ అదే వంకర. "ఇది మా ఇంటి వంకర."

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. బడి పెద్ద మిసెస్ హాగెన్ పంతులమ్మ వైపు తిరిగింది.

"అది ఈ యేడు డిజైనండీ," అంది మిస్ లొరెట్టా.

అందరూ ఆట్టో తల్లిని చూశారు. ఆవిడ ఒకసారి కొడుకు చేతిని, ఒకసారి తన ఫోనుని చూసుకుంది.

"డిజైనే అయ్యుంటుంది," అంది. "మా అమ్మకి ఫోటో పంపించేశాను కూడా."

అవునవును, డిజైనే అని తలా ఒక మాట అన్నారు. చెంచాలు మళ్ళీ కదిలాయి.

నాన్న కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "మరి నీదేదమ్మా?"

"పాడైపోయింది," అంది సోల్వే నేల చూస్తూ. తరవాత వెళ్ళి బూటులోంచి మడతలు పడ్డ కాగితం తెచ్చింది.

ఆయన దాన్ని తొడ మీద పెట్టి చదును చేశాడు.

"ఇది పాడైన కోడని ఎవరన్నారు? పరిగెడుతున్న కోడి. పండుగ ముందు బుద్ధున్న కోడి చేసే పని ఇదే." జేబులోంచి పెన్ను తీశాడు. "దేనికి కృతజ్ఞతలని రాయమంటావు?"

"హారన్‌కి."

రాశాడు. తక్కిన కోళ్ళని ఎవరి ఇంటికి వాళ్ళు పట్టుకుపోయారు. ఆ పండుగకి ఊళ్ళో ఎన్నో ఫ్రిజ్‌ల మీద సోల్వే చెయ్యే అతికించి ఉంది. ఆమె కోడి మాత్రం లారీలో పరిగెడుతూనే ఉంది.