పరాయివాళ్ళకి రోడ్డు, పెళ్ళానికి షెడ్డు

డ్రైవింగు స్కూలు మాస్టారిని వెనకాల అందరూ న్యూట్రల్ మాస్టారు అంటారు. రోడ్డు కాస్త పల్లంగా కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి గేరు మీదికి పోతుంది, బండి న్యూట్రల్లో పడి దానంతటది కిందికి జారుతుంది. పల్లమంటే దేవుడు పోసిన పెట్రోలని ఆయన సిద్ధాంతం. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషని గిట్టనివాళ్ళు అంటారు గానీ అది అన్యాయం. ఆయన కాకిని తోలతాడు. ఫ్యాను వేసి తోలడు, అంతే.

పెట్రోలు ధర ఎక్కడమే తప్ప దిగడం మరిచిపోయాక ఆయన సిద్ధాంతం ఇంట్లోకి కూడా వచ్చింది. ఫీజు పెంచితే విద్యార్థులు పక్కవీధి స్కూలుకి పోతారు, కాబట్టి తగ్గించాల్సింది ఇంట్లోనే. అన్నం సగం ఉడకగానే పొయ్యి కట్టేసి గిన్నె మీద పాత దుప్పటి కప్పేవాడు. మిగతాది దాని వేడికదే ఉడుకుతుందట. ఉడకని రోజున, నమిలి తింటే పళ్ళకి మంచిదనేవాడు. ఫ్రిజ్జు తలుపు మూశాక లోపల బల్బు నిజంగా ఆరుతోందా లేదా అని ఒక సాయంత్రమంతా తలుపు తీస్తూ మూస్తూ కూర్చున్నాడు. తేలక, చివరికి బల్బే పీకేశాడు. అప్పటినుంచీ ఫ్రిజ్జులో వస్తువుల్ని తడిమి వెతుక్కోవాలి. మర్నాడు టీలో పాలకు బదులు పెరుగు పడింది. అది విరిగిపోతే ఆయన మాత్రం వృథా కానివ్వకుండా తాగాడు.

మాస్టారి భార్య ఇవన్నీ నవ్వుతూనే భరించింది. ఆవిడ బేకరీలో పనిచేస్తుంది. పొయ్యి వెనక గదిలో నిలబడి రొట్టెలు సంచుల్లో కట్టడం ఆవిడ పని. అలా కడుతూ ఏళ్ళు గడిచిపోయాయి. రొట్టెలు వ్యాన్లో ఊరంతా తిరుగుతాయి గానీ కట్టిన మనిషి మాత్రం ఆ గదిలోనే ఉంటుంది. వ్యాను నడిపే ఆయన పని మానేస్తున్నాడని తెలిసిన రోజే ఆవిడ యజమానురాలి ముందు నిలబడి, ఆ పని నాకివ్వండని అడిగింది.

"రెండు నెలలు ఆగుతా. ఆ తర్వాత వచ్చే సోమవారానికల్లా లైసెన్సు చేతిలో పెట్టు, తాళం నీకిస్తా. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటా," అంది యజమానురాలు.

ఆవిడ ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మాస్టారితో చెప్పింది.

"ఏమండీ, నాకు డ్రైవింగు నేర్పండి. నేను కట్టిన రొట్టెలు ఏయే వీధులకి పోతున్నాయో నా కళ్ళతో చూడాలనుంది."

"నేర్పకేం! ఊరందరికీ నేర్పేవాణ్ణి, నీకు నేర్పనా?" అన్నాడు మాస్టారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆ మనసు పక్కనే మరో లెక్క ఉంది. ఫీజు రాని పాఠానికి పెట్రోలెక్కడిది?

అందుకని ఆవిడ పాఠాలు షెడ్డులో మొదలయ్యాయి. బండి కదలదు. తాళంచెవి మాస్టారి జేబులోనే ఉంటుంది. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన పక్కన కూర్చుని ఇంజను చప్పుడు నోటితో చేసేవాడు.

"డుర్ర్ర్... ఇదిగో, గొంతు పెరుగుతోంది చూడు, బండి ఇంకో గేరు అడుగుతోందన్నమాట. క్లచ్చు తొక్కు! ఆఁ, ఇప్పుడు మార్చు. డూర్ర్ర్... ఎదురుగా మలుపు! తగ్గించు!"

"ఎదురుగా గోడే కదండీ ఉంది?"

"మలుపనుకోవాలి!"

అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. కొన్నాళ్ళకి ఆయన పొదుపు గొంతుదాకా వచ్చింది. "నా గొంతు పోతోంది. రేపు ఫీజు కట్టినవాళ్ళకి దేనితో చెప్పను? చప్పుడు కూడా నువ్వే చేసుకో," అన్నాడు. ఆవిడ పెదవులు బిగించి ముక్కుతో మొదలుపెట్టింది. తీరా చూస్తే ఆవిడ చప్పుడే బాగుంది. మాస్టారిది ముసలి లారీ గొంతు. ఆవిడది సర్వీసు చేయించిన కారు. గేరు మార్చేటప్పుడు మధ్యలో వచ్చే చిన్న విరామం కూడా పలికించేది. గోడవతల పొరుగింటాయన, ఈ టైంలో బండెక్కడికి వెళుతోందా అని ఒకసారి తొంగి చూసి, తలుపు వేసుకున్నాడు.

అసలు రోడ్డు మాటకొస్తే, ఎవరైనా విద్యార్థి పాఠం వాళ్ళ ఇంటి దగ్గర ముగిస్తే, అక్కడినుంచి షెడ్డుదాకా బండి నడపడానికి ఆవిడని రమ్మనేవాడు. ఎలాగూ తిరిగి రావలసిన దారే కదా! ఆ నాలుగు వీధుల్లోనే ఆవిడ స్టీరింగు, బ్రేకు, ఎదురొచ్చే లారీల సంగతి నేర్చుకుంది. ఒకరోజు షెడ్డులో గోడవైపు చూస్తూ, "పరాయివాళ్ళకి రోడ్డు, పెళ్ళానికి షెడ్డు," అంది. నవ్వుతూ అనలేదు. మాస్టారు అద్దం తుడుస్తున్నట్టు నటించాడు.

పరీక్ష, గడువు సోమవారానికి ముందొచ్చే శుక్రవారం పడింది. ఆ వారంలో అదే ఆఖరి అవకాశం. పొద్దున్నే మాస్టారు లైసెన్సు ఆఫీసు ఆవరణనుంచి బజారు, బజారునుంచి మెరక, మెరక దిగి మళ్ళీ ఆవరణ, అని దారిని మనసులోనే కొలుచుకుని, సరిగ్గా అంతకే సరిపోయేటట్టు సీసాతో పెట్రోలు పోశాడు. పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో పాడైపోయింది. ట్యాంకులో ఎంతుందో ఆయనకొక్కడికే తెలుసు.

పరీక్ష తీసుకునే ఇన్‌స్పెక్టరు ఒళ్ళో కాగితాల అట్ట పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో కూర్చోవడానికి మాస్టారికి అనుమతి ఉంది గానీ మాట్లాడ్డానికి లేదు.

"వెనకనుంచి ఒక్క మాట వినిపించినా పరీక్ష రద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బజారుదాకా బాగానే సాగింది. అక్కడ బీరువాల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఇరుక్కుపోయి ఉంది. డ్రైవరు ముందుకి తీస్తే కొట్టు బోర్డు తగులుతోంది, వెనక్కి తీస్తే కరెంటు స్తంభం తగులుతోంది. ఇంజను తిరుగుతూనే ఉంది. షెడ్డులో ఇంజనంటే తన ముక్కు ఆపితే ఆగిపోయే చప్పుడే కాబట్టి, ఇలాంటి చోట తాళం తిప్పి ఆపెయ్యాలన్న సంగతి ఆవిడకి తట్టలేదు. ఆపెయ్యమ్మా అనాలని మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. అంటే రద్దు. అనకపోతే పెట్రోలు ఆవిరి. తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకుని కూర్చున్నాడు. పెట్రోలు పోతున్నందుకు జన్మలో మొదటిసారి ఆయనకి బాధ కలగలేదు, భయం కలిగింది.

లారీ కదిలింది. బండి మెరక ఎక్కింది. సరిగ్గా పైకి చేరగానే రెండుసార్లు దగ్గి, ఇంజను ఆగిపోయింది.

ఆవిడ అద్దంలోంచి వెనక్కి చూసింది. ఒక్క చూపు. మాస్టారి మొహంలో ఆవిడకి మొత్తం కనిపించింది. మాస్టారు తల వంచుకున్నాడు. సోమవారం వ్యాను తాళం ఇంకెవరి చేతికో పోతుంది, ఈవిడ మళ్ళీ ఆ గదిలో రొట్టెలు కట్టుకుంటూ నిలబడుతుంది, అదంతా ఒక సీసా పెట్రోలు కోసం. అంతకంటే తక్కువ కోసమే.

అప్పుడు వినిపించింది. "ఊఁర్ర్ర్..."

మాస్టారు తలెత్తాడు. ఇంజను తిరిగి అందుకుందేమోనని ఒక క్షణం ఆయనే నమ్మాడు. స్టీరింగు వెనక, ఇంజను ఆగితే వెలిగే ఎర్రలైట్లన్నీ వెలిగే ఉన్నాయి. ఆవిడ పెదవులు బిగించి, చూపు రోడ్డు మీద నిలిపి, పల్లంలో బండిని జారనిస్తూ ముక్కుతో ఇంజను నడుపుతోంది. మలుపు దగ్గర చప్పుడు తగ్గించి, క్లచ్చు తొక్కి, గేరు మార్చి, మళ్ళీ గొంతు పెంచింది. అడ్డొచ్చిన కుక్కని చూసి మెత్తగా బ్రేకు వేసింది. బండి ఆవరణ గేటు దాటి, సున్నం గీతల మధ్యకి చక్కగా వచ్చి నిలబడింది. ముక్కు మాత్రం "ఊఁ ఊఁ ఊఁ" అని నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీదినుంచి తలెత్తకుండానే అన్నాడు. "ఇంజను ఆపమ్మా."

ఆవిడ ఆపింది.

"ఎక్కణ్ణించి?" అన్నాడాయన.

"మెరక మీంచి సార్," అంది ఆవిడ. గొంతు బొంగురుపోయింది. అబద్ధమాడాలని కూడా తోచలేదు.

"నేనూ అక్కడే చూశాను. ఎక్కడ ఆపేస్తావోనని కూర్చున్నా." ఆయన కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. "బండి చచ్చినా నువ్వు బెదరలేదు. మలుపు తప్పలేదు, బ్రేకు తప్పలేదు. పాసు. పెట్రోలు పోయడం ఈ పరీక్షలో లేదు. అది నేర్పిన మాస్టారు చూసుకోవాలి. ఎవరా పుణ్యాత్ముడు?"

"మా ఆయనే సార్."

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి మాస్టారిని తేరిపార చూశాడు. "ఓపిక్కి మార్కులుంటే వేసేవాణ్ణమ్మా," అని దిగి వెళ్ళిపోయాడు.

పెట్రోలు బంకు ఆఫీసుకి ఎదురుగానే ఉంది. ఆవిడ స్టీరింగు పట్టుకుంటే మాస్టారు వెనకనుంచి తోశాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు దారిలో ఎదురై నమస్కారం పెట్టారు. తిరిగి నమస్కరించడానికి ఆయనకి చేతులు ఖాళీ లేవు.

బంకులో ఆవిడ అద్దం దించి, ఆయన వైపు చూడకుండానే మాట్లాడింది.

"బండి ఆగినందుకు నాకు బాధలేదండీ. ఎవరికైనా ఆగుతుంది. అద్దంలో మీ మొహం చూశాను చూడండి, ఆగుతుందని మీకు ముందే తెలుసని అర్థమైంది. దానికి ఏడుపొచ్చింది. ఏడిస్తే చప్పుడు చెడుతుందని ఆపుకున్నా."

మాస్టారు రొప్పుతున్నాడు. పోసింది సరిగ్గా సరిపోయేదే, ఆ బీరువాల లారీ అడ్డు రాకపోతే, అని ఒక జవాబు సిద్ధంగానే ఉంది. అది అనలేదు.

"తప్పు చేశాను," అన్నాడు. ఆయన్నించి ఆ మాట ఆవిడ ఇదివరకెప్పుడూ వినలేదు.

"ఎంత కొట్టమంటారు మాస్టారూ? మామూలుగానేనా?" అన్నాడు బంకు మనిషి.

"నింపు."

బంకు మనిషి గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నింపమన్నారా?"

"ట్యాంకు నింపవయ్యా బాబూ!"

"అంత పెట్రోలెందుకండీ? నా పరీక్ష అయిపోయిందిగా," అంది ఆవిడ.

"ఎందుకేమిటి? నువ్వు నడుపుతావు, నేను కూర్చుంటా. అలా పోదాం."

"ఎక్కడికి?"

పనిలేకుండా ఆ బండి షెడ్డు గడప దాటిన రోజు లేదు. "ఊరికే," అన్నాడు మాస్టారు.

ఆవిడకి నవ్వు రాబోయింది. దాన్ని కూడా ఆపుకుంది. "ముందు బేకరీకి వెళ్ళి యజమానురాలికి ఈ కాగితం చూపించాలి. ఊరికే సంగతి తర్వాత చూద్దాం."

మాస్టారు ముందు తలుపు తీయబోయాడు.

"వెనక కూర్చోండి," అంది.

వెనకే కూర్చున్నాడు. బండి బంకు దాటి రోడ్డెక్కింది. బేకరీకి పక్క సందులోంచి అడ్డదారి ఉంది. ఆవిడ ఆ సందు వదిలేసి, తిన్నగా పెద్దరోడ్డు మీద పోనిచ్చింది. మాస్టారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.