నిదానం మాస్టారు

డిపోలో అందరికీ ఆయన నిదానం మాస్టారు. బండి మీద ఊరంతా తిరిగి పార్సిళ్ళు అందించే నలభై మందికి, ప్రతి సోమవారం పొద్దున్నే ఎనిమిదింటికి క్లాసు చెప్పడం ఆయన ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే గది, అదే తెల్ల బోర్డు, అవే మాటలు. ముందు బండికీ మీ బండికీ మధ్య మూడు సెకన్లు ఉండాలి. పసుపు లైటు పడిందంటే ఆగమని, గేరు మార్చమని కాదు. పట్టీ బిగించకపోతే అది హెల్మెట్ కాదు, టోపీ. ఈ చివరి మాటకి కొత్తవాళ్ళు నవ్వేవారు. పాతవాళ్ళు కొత్తవాళ్ళని చూసి నవ్వేవారు.

ఆయన చెప్పినట్టే నడిపే మనిషి కూడా. ఓసారి తూనీగ ఒకటి ఆయన హ్యాండిల్ మీద వాలి, దిగే అవసరం లేక ఆఫీసు దాకా వచ్చేసిందని రైడర్లు చెప్పుకునేవారు. మాస్టారు ఆ కథ విని, "తూనీగ కాదు, సీతాకోకచిలుక" అని సరిదిద్దేవారు.

ఆ క్లాసులో రాకెట్ అని ఒకమ్మాయి. ముప్పై దాటింది, పెళ్ళి మాటెత్తితే హెల్మెట్ పెట్టేసుకుంటుంది, తల్లితో కలిసి ఒక పాత మేడలో రెండో అంతస్తులో ఉంటుంది. మిగతావాళ్ళు రోజుకి యాభై పార్సిళ్ళు అందిస్తే తను డెబ్బై అందిస్తుంది. స్టాండు తీయడం కనిపిస్తుంది, ఆ తర్వాత మనిషి కనిపించదు.

ఏడాదికోసారి మాస్టారు అందరిచేతా ఒక కాగితం నింపించేవారు. అందులో ఇరవై వాక్యాలు. రోడ్డు ఖాళీగా ఉంటే కాస్త స్పీడు పెంచినా పరవాలేదు. చెయ్యి తిరిగినవాళ్ళకి ప్రమాదం తక్కువ. ఆలస్యమైతే ఒక్కోసారి సిగ్నల్ దాటేస్తాను. ఒక్కోదాని పక్కన ఒప్పుకుంటాను, ఒప్పుకోను అని రెండు గడులు. ఆ ఏడాది ముప్పై తొమ్మిది మంది కళ్ళు మూసుకుని ఒప్పుకోను అని టిక్కులు కొట్టి ఇచ్చారు. రాకెట్ కాగితంలో మాత్రం పదమూడు చోట్ల ఒప్పుకుంటాను అని ఉంది.

"ఇదేంటమ్మా?" అని అడిగారు మాస్టారు.

"మీరేగా నిజం రాయమన్నారు. వాళ్ళంతా మీకు నచ్చేది రాశారు మాస్టారూ. నేను చేసేది రాశాను."

మాస్టారికి కోపం రాలేదు. నిజానికి కాస్త సంతోషం కూడా కలిగింది. "ఇది నా బీరువా దాటి బయటికి పోదు. నువ్వు మాత్రం కొంచెం తగ్గించు తల్లీ," అన్నారు.

"తగ్గిస్తే ఆ డెబ్బై పార్సిళ్ళూ మీరందిస్తారా?" అని నవ్వి, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయింది.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం మాస్టారికి ఆలస్యమైంది. వంటింట్లో సింకు పూడుకుపోయి నీళ్ళు గుమ్మం దాకా వస్తే, చేతులు పెట్టి చెత్త తీసి, నేల తుడిచి, బట్టలు మార్చుకునేసరికి ఎనిమిదికి పది నిమిషాలుంది. ఇరవై నిమిషాల దారి. పెద్దాఫీసు నుంచి ఎవరో క్లాసు చూడడానికి వచ్చి కూర్చున్నారని మేనేజరు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. రోజూ చూసుకునే టైర్లూ బ్రేకులూ ఆ రోజు చూసుకోలేదు. డిపోకి ముందున్న నాలుగు రోడ్ల కూడలి కనిపించేసరికి స్పీడు ముల్లు అరవై రెండు మీద ఉంది. పసుపు పడింది. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నారు. పదకొండేళ్ళుగా క్లాసులో ఏ మాటనైతే బోర్డు మీద రాసి అడ్డంగా కొట్టేసేవారో, అదే మాట. గీత దాటేటప్పటికి ఎరుపు.

కుడివైపు నుంచి వచ్చిన బండిని ఆయన పక్క నుంచి గుద్దారు.

లేచి చూస్తే రోడ్డు మీద రాకెట్ పడి ఉంది. తనూ ఆ క్లాసుకే ఆలస్యంగా వస్తూ, ఆ పొద్దున తన సిగ్నల్ దగ్గర పద్ధతిగా ఆగి, పచ్చ పడ్డాకే కదిలింది ఆమె. హెల్మెట్ పట్టీ బిగించే ఉంది. ఒక కాలు ఉండాల్సిన వైపు లేదు. ఆమె బండి హారన్ నొక్కుకుపోయి ఆగకుండా మోగుతోంది. మాస్టారు ముందు వెళ్ళి ఆ హారన్ వైరు పీకారు. ఆ తర్వాతే ఆమె దగ్గర కూర్చున్నారు. ఆ వరస ఎందుకలా జరిగిందో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు.

కూడలిలో పళ్ళ బండి అతను పోలీసులకి చెప్పాడు: "లైటు నేను చూళ్ళేదు గానీ సార్, ఆ అమ్మాయి రోజూ రివ్వుమని పోతుంది." కెమెరా చాలా రోజులుగా పనిచేయడం లేదు. కానిస్టేబుల్‌కి మాస్టారు తెలుసు, ఓసారి క్లాసు కూడా విన్నాడు. "మీకు గ్రీనే కదా మాస్టారూ?" అన్నాడు రాసుకుంటూ.

మాస్టారు తల ఊపారు. భయపడి ఊపలేదు, ఆలోచించి ఊపలేదు. ఎవరో చెయ్యి చాపితే మనమూ చాపుతామే, అలా ఊపారు.

డిపోలో విచారణ అరగంటలో అయిపోయింది. మేనేజరు రాకెట్ నింపిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బీరువాకి రెండో తాళంచెవి ఉందని మాస్టారికి గుర్తే లేదు. "చూడండి, ఆలస్యమైతే సిగ్నల్ దాటేస్తానని స్వయంగా టిక్కు పెట్టింది. ఇంకేం కావాలి?" అన్నాడు. పెద్దాఫీసాయన ఆ టిక్కును కాసేపు చూసి, మాస్టారి వైపు జాలిగా చూశాడు. మాస్టారు కాగితం మీద మడత ఎక్కడుందో చూస్తూ కూర్చున్నారు. సంతకం పెట్టమన్నచోట పెట్టారు. ఆమెని పనిలోంచి తీసేస్తూ ఉత్తరం తయారైంది.

నాలుగో రోజు ఆస్పత్రికి వెళ్ళారు. తొడ ఎముక రెండు చోట్ల విరిగితే లోపల రాడ్డు వేశారు. పక్కన ఆమె తల్లి స్టూలు మీద కూర్చుని ఉతికిన తువ్వాలు మడత పెడుతూ విప్పుతూ ఉంది.

"మీకేం దెబ్బలు తగల్లేదుగా మాస్టారూ?" అంది రాకెట్. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. "నాకేం గుర్తులేదు. ఇంటి దగ్గర బండి తీసిందాకా గుర్తుంది, అంతే. మీరు చెబుతూనే ఉన్నారు, నేనే వినలేదు. నన్ను క్షమించండి."

ఆయన "పరవాలేదు" అన్నారు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని మంచం చివర తగిలించిన చార్టు చదువుతుంటే అర్థమైంది. అయినా లోపల ఏమీ కదల్లేదు. బయటికొచ్చి, బస్సెక్కి, దిగాల్సిన చోట దిగారు. భోజనం చేశారు. ఉప్పు తక్కువైందా అని భార్య అడిగితే సరిపోయింది అన్నారు. ఉప్పు ఉందో లేదో ఆయనకి తెలియలేదు. రాత్రులు నిద్ర కూడా బాగానే పట్టింది. అదొక్కటే ఆయనకి వింతగా అనిపించింది.

తొమ్మిదో రోజు పొద్దున కాఫీ తాగుతూ, కూరగాయలు ఏం తేవాలో అడిగినంత మామూలుగా, "ఎరుపు పడింది," అన్నారు.

భార్య కళ్ళద్దాల షాపులో పనికి వెళ్ళడానికి జడ వేసుకుంటోంది. "ఎవరికి?"

"నాకు."

ఆవిడ జడ సగంలో ఆపి ఆయన్నే చూసింది. "ఆ అమ్మాయికి తెలుసా?" అంది.

"తనకేం గుర్తులేదు."

"గుర్తు లేకపోతే?"

జడ పూర్తి చేసుకుని, బ్యాగు తీసుకుని, గుమ్మంలో ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయింది.

మాస్టారు నేరుగా పోలీస్ స్టేషన్‌కి నడిచారు. బల్ల దగ్గర నడివయసు పోలీసావిడ ఉంది. విషయం విని, "ఫైలు మూసేశాం కదండీ," అంది.

"తెరవండి."

"మీ లైసెన్సు పోతుంది. కోర్టుకి తిరగాలి. ఇంట్లో చెప్పే వచ్చారా?"

"చెప్పే వచ్చాను."

ఆవిడ కొత్త కాగితం తీసింది. "ఇన్నేళ్ళ సర్వీసులో కేసులోంచి బయటికి లాగమని వచ్చినవాళ్ళనే చూశాను. లోపలికి వస్తానని వచ్చింది మీరే," అని కలం మూత తీసింది.

మధ్యాహ్నం రాకెట్ ఇంటికి వెళ్ళారు. అప్పటికి ఆస్పత్రి నుంచి వచ్చేసింది. కిటికీ పక్క మంచం మీద, కాలి కింద మూడు దిండ్లు. తల్లి నేల మీద కూర్చుని బట్టలు పిండి బకెట్లో వేస్తోంది. మాస్టారు నిలబడే చెప్పారు. అరవై రెండు అన్నారు, ఎరుపు అన్నారు, తల ఊపానన్నారు. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయింది.

ముందు తల్లి మాట్లాడింది. "అంత తొందర దేనికి?"

"క్లాసుకి ఆలస్యమైందండీ."

"ఏం క్లాసు?"

"నిదానంగా నడపాలని చెప్పే క్లాసు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నారేమో అన్నట్టు. కాదని తెలిశాక తల దించుకుని మళ్ళీ బట్టలు పిండసాగింది.

"తొమ్మిది రోజులు," అంది రాకెట్. గొంతు పెద్దది చేయలేదు. "తొమ్మిది రోజులు నన్ను నేను తిట్టుకున్నాను మాస్టారూ. అమ్మ మొహం చూడలేకపోయాను. ఎంత స్పీడులో వచ్చి ఉంటానో, ఎవరినైనా చంపేసేదాన్నేమో అని వణికిపోయాను. మీకు క్షమాపణ కూడా చెప్పాను. మీరు నా మంచం పక్కన నిలబడి పరవాలేదన్నారు."

"అన్నాను."

"కాలు విరిగితే అతుక్కుంటుంది. ఆ మాట ఎలా అన్నారు మీరు?"

మాస్టారు ఆమె కాలి కింది దిండ్ల వైపు చూశారు.

"వెళ్ళండి మాస్టారూ," అంది ఆమె గోడవైపు తిరిగి.

ఆయన గుమ్మం దాకా వెళ్ళారు. వెనక నుంచి తల్లి పిలిచింది. "ఇదిగో, ఆ బకెట్ డాబా మీదికి తీసుకెళ్ళి ఆరేసి రండి. నా మోకాళ్ళు మెట్లెక్కవు. ఇన్నాళ్ళూ మా అమ్మాయే ఆరేసేది."

ఆయన బకెట్ ఎత్తుకుని రెండంతస్తులు ఎక్కారు. చీరలు, తువ్వాళ్ళు, ఒక దుప్పటి. ఒక్కొక్కటీ దులిపి తీగ మీద వేశారు. ఖాళీ బకెట్ తెచ్చి గుమ్మంలో పెడితే, తల్లి, "ఆదివారం దుప్పట్లు ఉతుకుతాను," అంది.

మాస్టారి లైసెన్సు పోయింది, కేసు నడిచింది. డిపోలో మేనేజరు, "మీరు కదలకుండా కూర్చుంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు," అని విసుక్కుని ఆయన్ని పార్సిళ్ళు విడదీసే బల్ల దగ్గరికి మార్చాడు. రాకెట్‌కి ఇచ్చిన ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. సోమవారం క్లాసులో ఇప్పుడు వీడియో వేస్తున్నారు. రైడర్లు కొన్నాళ్ళు మాస్టారి ముందు మాట ఆపేసేవారు. తర్వాత అలవాటైపోయి, ఆయన పక్కనే నిలబడి స్పీడు కబుర్లు చెప్పుకునేవారు. ఆయన పార్సిల్ మీద చిరునామా చదివి గంపలో వేసేవారు.

ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి బకెట్ మోశారు. తల్లి మంచినీళ్ళు ఇచ్చేది. రాకెట్ ఆయన వచ్చినప్పుడల్లా ఫోన్ చూసుకునేది. ఒక్కసారీ పలకరించలేదు. పలకరించాలని ఆయన కూడా ఎదురుచూడలేదు. మెట్లు ముప్పై ఆరని మాత్రం లెక్క తెలిసింది.

నాలుగో నెలలో ఒక ఆదివారం, ఆరిన దుప్పటిని ఒక్కరే మడత పెట్టలేక ఆయన డాబా మీద అవస్థ పడుతుంటే, మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఆగుతూ, చెమటలు కారుతూ రాకెట్ పైకి వచ్చింది. పిట్టగోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. కర్ర గోడకి ఆనించింది.

"అలా కాదు," అంది దుప్పటి వైపు చూస్తూ. "అటు రెండు కొసలూ పట్టుకోండి. నేలకి తగలనివ్వకండి."

మాస్టారు పట్టుకున్నారు. ఆమె ఇటు కొసలు పట్టుకుని గట్టిగా లాగింది.