నా ఊపిరితో నడిచిన ట్రక్కు

రెండోసారి తాగి నడుపుతూ దొరికాక, జడ్జి మా అన్నయ్య యూసేబియో ట్రక్కులో ఊదే యంత్రం పెట్టించాడు. స్టీరింగు పక్కన అరచేతిలో పట్టేంత పెట్టె, దానికో గొట్టం. ఊపిరిలో మందు వాసన తగిలితే ఇంజను మొదలవదు. దారి మధ్యలో కూడా మళ్ళీ ఊదమని కూస్తుంది; ఊదకపోతే హారను మోగించి, లైట్లు ఆర్పి వెలిగించి, ఆ సంగతి కోర్టుకి చేరవేస్తుంది.

ఒక నెల బుద్ధిగానే ఉన్నాడు. అక్టోబరులో ఒక ఉదయం నేను బడి వంటగదిలో పనికి బయలుదేరుతుంటే పిలిచాడు.

"డెల్ఫీ, ఒక్కసారి ఊదిపోవే."

"నువ్వే ఊదు."

"రాత్రి తాగింది ఇంకా దిగలేదు. ఈ పని కూడా పోతే అమ్మకి ఏం చెప్తావు?"

ఊదాను. ఇంజను మొదలైంది. "మా బంగారం!" అని నా గడ్డం పట్టుకున్నాడు.

మర్నాడూ అదే. దారిలో మళ్ళీ కూస్తుంది కాబట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపడం మొదలుపెట్టాడు. బడి దాటాక తన పని చోటు రెండు నిమిషాల దూరమే; సాయంత్రం నేనే అక్కడికి నడిచి వెళ్ళి ఊదేదాన్ని. కొన్నాళ్ళకి ఫ్లాస్కులో కాఫీకి బదులు మందే పోసుకుని వచ్చేవాడు. ఊపిరి నాది కదా, ఇక వాడికి భయం దేనికి?

అమ్మతో చెప్పాను. ఆమె పెనం మీద తోర్తియా రొట్టె తిప్పుతూ, "గాలి ఊదితే అరిగిపోతావా? ఉన్నది ఒక్కడే అన్న నీకు," అంది.

డిసెంబరులో మంచు పడిన ఒక ఉదయం నది పక్క మలుపుల్లో వెళుతున్నాం. ముందు పసుపు రంగు బడి బస్సు. దాని వెనక కిటికీ అద్దంలోంచి ఇద్దరు పిల్లలు నన్ను గుర్తుపట్టి చేతులు ఊపారు. రోజూ వాళ్ళకి అన్నం వడ్డించేది నేనే. యూసేబియో కళ్ళు మూతలు పడుతున్నాయి. ట్రక్కు బస్సుకి దగ్గరవుతోంది. అప్పుడే యంత్రం కూసింది.

"ఊదు."

"ముందు బండి ఆపు."

"ఊదవే! నాటకాలాడకు."

పెదాలు బిగించాను. గొట్టాన్ని నా నోట్లోకి తోశాడు. పళ్ళకి తగిలి రక్తం వచ్చింది. నేను ఊదలేదు. హారను తనంతట తానే మోగడం మొదలైంది, లైట్లు వెలిగి ఆరుతున్నాయి. అదిరిపడి బ్రేకు తొక్కాడు. ట్రక్కు జారి రోడ్డు అంచు కమ్మీకి గుద్దుకుని ఆగింది. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"నన్ను చంపేశావే," అన్నాడు, చాలా నెమ్మదిగా. వాడు అరిచి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

దిగి, మంచులో బడిదాకా నడిచాను. వంటగది ఫోను నుంచి, కోర్టు తరఫున అన్నయ్య మీద నిఘా పెట్టిన అధికారికి అంతా చెప్పాను, రెండు నెలలుగా ఊదింది నేనేనని కూడా.

వాడికి ఆరు నెలల జైలు పడింది. నాకు జరిమానా. అమ్మ, "సొంత అన్నని పట్టించావు కదే," అని తలుపు వేసుకుంది. నేను ఊరి అవతల ఒక గది తీసుకున్నాను.

జూన్‌లో అమ్మ ఫోను చేసింది. అన్ని నెలల్లో అదే మొదటిసారి.

"వాడు విడుదలయ్యాడు. నీ అడ్రసు అడిగాడు."

"ఇచ్చావా అమ్మా?"

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"అన్న కదే," అంది.