కుర్చీలో ఖాళీ

"కుర్చీ బొమ్మ వెయ్యడం నేర్చుకోడానికి ఆదివారం పూట అంత దూరం వెళ్ళాలా? మనింట్లోనే ఆరు కుర్చీలున్నాయి. ఏదో ఒకటి ఎదురుగా పెట్టుకుని వేసుకోవచ్చుగా" అన్నాడు మొగుడు. ఆమె అప్పుడు చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన చొక్కానే.

ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి. ఒకదాన్లో ఆయన, ఒకదాన్లో అత్తగారు, ఒకదాన్లో కూతురు, ఒకదాన్లో మడతపెట్టాల్సిన బట్టలు, ఒకదాన్లో పాత పేపర్లు. ఆరోది వంటగది గుమ్మానికి ఆనుకుని ఉంటుంది, దాన్లో కూతురి కాలేజీ బ్యాగు. ఆ బ్యాగుకి ఆ ఇంట్లో ఉన్న హోదా ఇంకెవరికీ లేదు. దాన్ని లేవమని ఎవరూ అనరు.

ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అంటే ఫోనెత్తడం, పేర్లు రాసుకోవడం, పన్ను పీకుతారని భయపడి పారిపోయేవాళ్ళని మెట్ల దగ్గర పట్టుకోవడం, డాక్టరుగారి టీ కప్పు కడగడం. ఆఖరిది ఉద్యోగం కాగితంలో లేదు. కూర్చోడానికి వీపు లేని స్టూలొకటి ఇచ్చారు. చేరిన కొత్తలో కుర్చీ అడిగితే డాక్టరుగారు "నువ్వెలాగూ కూర్చునేది లేదుగా" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అది జోకని అప్పట్లో ఇద్దరూ అనుకున్నారు.

అక్కడికొచ్చే ప్రతి మనిషికీ ఒక కార్డుంటుంది. దాని మీద ముప్పైరెండు పళ్ళూ ముప్పైరెండు సున్నాల్లా అచ్చేసి ఉంటాయి. చెడిన పన్ను మీద ఇంటూ కొట్టాలి. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఇంటూలు కొట్టీ కొట్టీ విసుగుపుట్టి, ఆమె ఆ సున్నాలో పన్నునే వేసేసింది. కింది దవడలో ఎడమవైపుది, ఓ మూల విరిగి, మధ్యలో గుంటతో ఉన్నది ఉన్నట్టు. ఆ పన్ను తాలూకు మనిషి, దవడ వాచి మాట పెగలకపోయినా, కార్డు చూసి "ఇది నా పన్నే" అంది. ఎక్కడ కనపడినా గుర్తుపడతానంది.

ఆవిడ ముప్పై ఏళ్ళ పాటు షాపులకి బోర్డులు రాసిన మనిషి. అందరూ బోర్డులమ్మ అంటారు. ఇప్పుడు నిచ్చెనలెక్కే ఓపిక లేక, ఓ సైకిల్ షాపు పైగదిలో ఆదివారాలు పది నుంచి పన్నెండు దాకా బొమ్మలు నేర్పుతోంది. మత్తు ఇంజక్షన్ ఎక్కుతుండగానే, సగం మూతితో, "ఆదివారం రా" అంది. సగం మొహం మొద్దుబారిపోయి కూడా ఒక మనిషి పిలుస్తుంటే రానని చెప్పడం ఎలాగో ఆమెకి తెలీలేదు.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ వద్దనరు, షరతు పెడతారంతే. "వెళ్ళు, నేను కాదన్నానా? పన్నెండున్నరకి భోజనం బల్ల మీదుండాలి. ఒక్క ఆదివారం లేటయిందో, ఇంక ఆ క్లాసు మాట నా దగ్గర ఎత్తకు" అన్నాడు మొగుడు. "నలభై దాటాక బొమ్మల క్లాసేంటమ్మా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి నేను రావాలా?" అంది అత్తగారు. కూతురు ఫోన్లోంచి తలెత్తకుండా "గుడ్ అమ్మా" అంది. ఆ ఇంట్లో ఆమెకి దొరికిన మద్దతంతా ఆ రెండు మాటలే.

అంచేత ఆదివారాలు ఐదింటికే లేచి, మధ్యాహ్నం వంటంతా చేసి, మూతలు పెట్టి వెళ్ళేది. పన్నెండు కొట్టగానే పెన్సిలు అక్కడే పడేసి ఆమె మెట్లు దిగే వేగం చూసి, పైన ఏదో అంటుకుందని సైకిల్ షాపతను రెండుసార్లు నీళ్ళ బకెట్టుతో పైకి పరిగెత్తాడు. మూడోవారం నించి బకెట్టు కింద పెట్టి టైము చూసుకోవడం మొదలెట్టాడు.

మొదటి ఆదివారం బోర్డులమ్మ గది మధ్యలో ఒక కుర్చీ పెట్టింది. పదకొండు మంది విద్యార్థులు చుట్టూ కూర్చున్నారు, ఆమెతో కలిపి పన్నెండు. వాళ్ళలో రిటైరైన బస్సు కండక్టరొకాయన అందరికంటే పెద్ద, అందరికంటే అల్లరి. ఆమె కుర్చీ వేసింది. చూస్తే ఆవుదూడలా వచ్చింది. బోర్డులమ్మ వంగి చూసి, "కుర్చీని వదిలెయ్. కాళ్ళ మధ్య ఖాళీ ఉంది చూడు, దాన్ని వెయ్. కుర్చీకీ గోడకీ మధ్య ఖాళీ ఉంది, దాన్ని వెయ్. ఖాళీలు సరిగ్గా పడితే కుర్చీ దానంతటదే వస్తుంది" అంది.

ఆమె ఖాళీలు వేసింది. ఒక పలక లాంటి ఖాళీ, ఒక పీచుమిఠాయి పుల్ల లాంటి ఖాళీ, ఒక విరిగిన కిటికీ లాంటి ఖాళీ. ఉన్నట్టుండి కాగితం మీద కుర్చీ నిలబడింది. ఎవరూ వెయ్యకుండానే వచ్చి నిలబడింది. ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. నలభై రెండేళ్ళ జీవితంలో, పెళ్ళీ పురుడూ కలుపుకుని చెప్పినా, ఇంత ఆశ్చర్యం ఆమెకి కలగలేదు.

ఇంటికి తెచ్చి చూపిస్తే మొగుడు ఓ క్షణం చూసి "ఒక కాలు పొట్టిగా వచ్చింది" అన్నాడు. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ కుర్చీకి నిజంగానే ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచిపెట్టి ఉంది. వంక పెట్టబోయి పొగిడేశానని ఆయనకి ఇప్పటికీ తెలీదు.

రెండోవారం బోర్డులమ్మ ఇంటిపనిచ్చింది. ఏదైనా ఒక బొమ్మని పది నిమిషాలు ఊరికే చూడాలి. ఊరికే చూడ్డమంటే, తుడుస్తూ కాదు, సర్దుతూ కాదు. క్లినిక్కులో రోగులు కూర్చునే చోట గోడకి ఒక పెద్ద బొమ్మ ఉంది. ఎవరిదో గొప్పింటి విందు, పొడుగాటి బల్ల చుట్టూ పధ్నాలుగు మంది తింటూ ఉంటారు. పంటినొప్పితో వచ్చినవాళ్ళ ముందు అలాంటి బొమ్మ పెట్టాలన్న ఆలోచన డాక్టరుగారిదే. దాని అద్దం ఏడేళ్ళుగా ఆమె రోజూ తుడుస్తోంది. ఆ రోజు గుడ్డ పక్కన పడేసి చూసింది. ఏడో నిమిషంలో కనపడింది. బొమ్మకి కుడివైపు అంచులో, తలుపు చాటునుంచి, ఒక చెయ్యి. చేతిలో నీళ్ళ కూజా. మనిషి లేదు. మనిషి రావాల్సిన చోట ఫ్రేము వచ్చేసింది. పధ్నాలుగు మందిలో ఒక్కళ్ళూ అటు చూడటం లేదు.

ఏడేళ్ళు ఆ చేతి మీద దుమ్ము తుడిచి, ఆ చేతిని చూడలేదు తను. ఆమెకి కోపం రాలేదు, సంబరమొచ్చింది. ఇంత పెద్ద రహస్యాన్ని ఒక్కత్తే దాచుకోలేక, బుగ్గ వాచి నోరు తెరవలేని స్థితిలో ఉన్న ఒక పెద్దమనిషిని లేపి బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నొప్పికో, చేతికో ఆమె అడగలేదు.

తర్వాత మనుషుల్ని వెయ్యమన్నారు. మోడల్ కోసం వెతుక్కోవాల్సిన పని ఆమెకి లేకపోయింది. ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే మూడు గంటల పాటు ఆమె మొగుడిలో కదిలేది రిమోటు మీద బొటనవేలొక్కటే. ప్రపంచంలో ఏ చిత్రకారుడికీ అంత నిలకడైన మనిషి దొరికుండడు, పళ్ళబుట్టలు కూడా అంత కదలకుండా ఉండవు. ఆమె ఖాళీలు వేద్దామని చూసింది. ఖాళీ లేదు. వీపు మొత్తం కుర్చీకి ఆనింది, చేతులు రెండు వైపులా పరుచుకున్నాయి, కాళ్ళు ఇంకో కుర్చీ మీదున్నాయి. కుర్చీ ఎక్కడ ఆగిందో, మొగుడు ఎక్కడ మొదలయ్యాడో తేల్చడానికి మూడు కాగితాలు పట్టాయి.

ఆరో ఆదివారం, మోడల్‌గా వస్తానని మాటిచ్చిన పక్కబిల్డింగు వాచ్‌మన్ రాలేదు. మీలోనే ఎవరో ఒకరు కూర్చోండి అంది బోర్డులమ్మ. కండక్టరు నడుం నొప్పన్నాడు. మిగతా పదిమందీ గబుక్కున పెన్సిళ్ళు చెక్కుకోవడం మొదలెట్టారు. "రిసెప్షనమ్మా, నువ్వైతే కూర్చునే ఉద్యోగమే కదా" అన్నాడు కండక్టరు. టైము పదకొండుంపావు. ఇరవై నిమిషాలేగా అనుకుని ఆమె వెళ్ళి గది మధ్య కుర్చీలో కూర్చుంది.

రెండో నిమిషంలో ఎవరిదో రబ్బరు కిందపడింది. లేచి తీసిచ్చింది. బోర్డులమ్మ మళ్ళీ కూర్చోబెట్టింది. ఐదో నిమిషంలో కిటికీ రెక్క కొట్టుకుంటోందని లేచి గొళ్ళెం పెట్టింది. మళ్ళీ కూర్చోబెట్టారు. మూడోసారి ఎందుకు లేచిందో ఆమెకే తెలీలేదు. నిలబడి చూస్తే చేతిలో చీపురుంది.

"నువ్వు లేచిన ప్రతిసారీ పదకొండు మంది మొదటికి రావాలి" అంది బోర్డులమ్మ. "ఒక ఇరవై నిమిషాలు ఎవరికీ పనికిరాకుండా ఉండు తల్లీ. చూద్దాం, అయ్యే పనో కాదో."

నాలుగోసారి ఆమె కదల్లేదు. మొదట చేతులు దురదపెట్టాయి. తర్వాత కూరలో ఉప్పేశానా అన్నది గుర్తొచ్చింది, తర్వాత అది కూడా పోయింది. అప్పుడు తెలిసింది ఆమెకి. పదకొండు మంది తన వంక చూస్తున్నారు. ఒక్కళ్ళూ ఏమీ అడగటం లేదు. ఆమె చెవి ఎక్కడుందో, మెడ ఎటు వంగిందో అది మాత్రమే వాళ్ళకి కావాలి. మామూలుగా తన వంక ఎవరైనా చూశారంటే దాని వెనకాలే ఒక మాటొస్తుంది, నీళ్ళనో, తువ్వాలనో, బిల్లనో. ఇప్పుడు చూపొక్కటే వస్తోంది, మాట రావటం లేదు. ఇరవై నిమిషాలు ఎప్పుడు దాటాయో ఎవరూ చూసుకోలేదు, పన్నెండైంది. సంచిలో ఫోను బర్రుమంది, ఆగింది, మళ్ళీ బర్రుమంది. పెన్సిళ్ళు కాగితాల మీద బరుకుతున్న చప్పుడు ఇంకా బావుంది. ఆమె ఆ చప్పుడే వింది.

పన్నెండున్నరకి బొమ్మలన్నీ గోడకి ఆనించారు. పదకొండు బొమ్మల్లోనూ పదకొండు మంది వేర్వేరు మనుషులు. క్లాసుకొచ్చే ఒక నర్సు వేసినదాన్లో ఆమెకి మూడు చుబుకాలున్నాయి. కండక్టరు వేసినదాన్లో ఆమెకి బస్సు పోలికలొచ్చాయి. అద్దాలొక్కటే తక్కువ. కానీ అందరికీ ఒకే తప్పు వచ్చింది. మనిషి కుర్చీ ముందంచు మీద, జారిపోతున్నట్టు ఉంది. వెనకాల పెద్ద ఖాళీ. ఇంకో మనిషి కూర్చోవచ్చు. సారీ అండీ, కొలత కుదర్లేదు అని ఒకరు, నాకూ అక్కడే తేడా కొట్టిందని ఇంకొకరు, తప్పంతా ఆ పొట్టికాలిదని కండక్టరు.

"తప్పేం కాదు. మొట్టమొదటిసారి అందరూ ఉన్నది ఉన్నట్టు వేశారు" అంది బోర్డులమ్మ. ఆమె వైపు తిరిగి, "నువ్వు కూర్చోలేదమ్మా. కుర్చీకి అలా తగిలి ఉన్నావంతే" అంది.

ఆమె కుర్చీ దగ్గరికెళ్ళి చూసింది. తను కూర్చున్న మేర నాలుగు వేళ్ళుంటుంది. పెళ్ళైన మూడో రోజు గుర్తొచ్చింది. పొద్దున్న టిఫిన్లయ్యాక గదిలో కుర్చీలో వెనక్కి జారబడింది. అత్తగారు గుమ్మంలోంచి "కూర్చున్నావా?" అంది. తిట్టలేదు, కసరలేదు. నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వుకి ఆమె ఆ నాలుగు వేళ్ళ అంచుకి జరిగి, పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉండిపోయింది. లేవడానికి వీలుగా. స్టూలు మీద, సినిమాహాల్లో, ఆఖరికి పురిటి మంచం మీద కూడా. పదకొండు మంది చేతగానివాళ్ళు కలిసి గీస్తే తప్ప కనపడలేదు.

నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. బొమ్మ నాకివ్వండి అని కండక్టర్ని అడిగితే, టిక్కెట్టు చించిచ్చినంత జాగ్రత్తగా పుస్తకంలోంచి చించిచ్చాడు.

ఆ రోజు ఆమె మెట్లు నెమ్మదిగా దిగింది. సైకిల్ షాపతను గడియారం చూసి, ఒంట్లో బాగాలేదామ్మా అని అడిగాడు. దారి పొడుగునా ఆమె చూస్తూ నడిచింది. బస్టాపు బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు, అంచున. మందుల షాపులో స్టూలు మీద అమ్మాయి, అంచున. బ్యాంకు మెట్ల మీద ఒకావిడ, మెట్టుకి కూడా అంచునే. రోడ్డంతా లేవడానికి సిద్ధంగా ఉంది. ఇల్లు చేరేసరికి పంతొమ్మిది మంది తేలారు. ఇన్నాళ్ళూ ఈ రోడ్డు మీదే నడిచాను కదా అని ఆమెకి పిచ్చెక్కినంత ఉత్సాహంగా ఉంది.

ఇంట్లో టైము ఒకటింపావు. బల్ల చుట్టూ మొగుడూ, అత్తగారూ, కూతురూ కూర్చుని ఉన్నారు. గిన్నెలు వంటగదిలో, పది అడుగుల దూరంలో, మూతలు పెట్టి ఉన్నాయి. మధ్యలో మహాసముద్రమేదో ఉన్నట్టు ముగ్గురూ ఖాళీ కంచాల ముందు ఆగిపోయారు.

"టైమెంతయిందో చూశావా? మనం ఏమనుకున్నాం?" అన్నాడు మొగుడు.

ఆమె ఆరో కుర్చీ దగ్గరికెళ్ళి, బ్యాగు తీసి కింద పెట్టింది. కూర్చుంది. వెనక్కి జరిగింది. ఇంకా జరిగింది. వీపుకి చెక్క తగిలింది. ఆ కుర్చీ వీపు మీద పువ్వులు చెక్కి ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కిందట ఆ కుర్చీని కొన్నది తనే, ఆ పువ్వులు వీపుకి ఎలా తగుల్తాయో ఇవాళే తెలిసింది.

"కూర్చున్నావా?" అంది అత్తగారు.

"కూర్చున్నానత్తయ్యా" అంది ఆమె.

వంటగదిలో గిన్నెలు కూడా ఏం జరుగుతుందోనని వింటున్నట్టున్నాయి. అత్తగారి కుర్చీ కిర్రుమంది. ఆమె అటు చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, కుర్చీ అంచు నించి మెల్లిగా, ఎవరూ చూడటం లేదనుకుంటూ, వెనక్కి జరుగుతోంది. ఇరవయ్యో మనిషి.

మొగుడు తల్లి వంక చూశాడు, కూతురి వంక చూశాడు, వంటగది వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. కుర్చీ చేతుల మీద బరువు మోపి, నెమ్మదిగా, ఇదేదో కొత్త భాష మాట్లాడుతున్నట్టు, నాలుగు వేళ్ళ మేర ముందుకి జరిగాడు.

"అలాగే ఉండండి. కదలకండి" అంది ఆమె.

సంచిలోంచి పుస్తకమూ పెన్సిలూ తీసింది. కూతురు ఫోను బోర్లించింది. ఆయన లేవాలో కూర్చోవాలో తెలీక కుర్చీ అంచు మీద అలాగే బిగుసుకుపోయాడు. ఆయన వీపుకీ కుర్చీకీ మధ్య, ఇన్ని ఆదివారాల్లో ఎన్నడూ దొరకని ఖాళీ, నిటారుగా, చక్కగా, వెయ్యడానికే పుట్టినట్టుంది. ఆమె ముందు ఆ ఖాళీ వేసింది. ఆయన తనంతట తనే వచ్చాడు.

వచ్చే ఆదివారం తేదీ కాగితం మూల రాసుకుని, ఆమె పెన్సిలు పక్కన పెట్టింది.

"అయిపోయింది. ఇప్పుడు లేవండి. గరిట కుడివైపు ఉంటుంది."