ఆకురాయమ్మ వేసిన మార్కులు

పదకొండో వైస్ దవడల మధ్య ఇరుక్కున్న ఇనుప రజనును ఆమె తీగల బ్రష్‌తో దులిపింది. పన్నెండోది బిగుసుకుపోయి ఉంది. మరకు రెండు చుక్కల నూనె వేసి, పిడిని అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. అది మూలిగింది, ఆ తర్వాత మాట వింది. మొత్తం ఇరవై నాలుగు వైసులు, బల్లల అంచున ఇనుప ముక్కల్ని బిగించి పట్టుకునేవి. ఎనిమిది గంటలకల్లా ఇరవై నాలుగూ నోళ్లు తెరుచుకుని ఉండాలి. ఇరవై రెండేళ్లుగా అలాగే ఉంటున్నాయి.

కుడిచేతి బొటనవేలు ఆకురాయి పిడికి ఒరుసుకుని ఒరుసుకుని చదునైపోయింది. గోళ్ల అంచుల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. పొట్టి మనిషి, మెడలో నల్లదారంతో వేలాడే కళ్లజోడు, మోకాళ్ల దాకా ఖాకీ కోటు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ఆకురాయమ్మ. ఇనుమును అరగదీసే ఆకురాయిని ఎలా పట్టుకోవాలో నేర్పేది ఆమే, పట్టుకోవడం రాకపోతే మాటలతో అరగదీసేదీ ఆమే. ఆ పేరు వెనకాలే అంటారు. ఒకసారి ఎవరో నల్లబల్ల మీద రాసిపెడితే, ‘రా’కి దీర్ఘం మరిచారని దిద్ది, తుడవకుండా వదిలేసింది.

పక్క షెడ్డులో ఆమె భర్త పోతపని చేసేవాడు. మూడు రోజుల జ్వరంతో పోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు, ఇంట్లో అత్తగారు. యూనివర్సిటీ దయతలచి వర్క్‌షాప్‌లో ఊడ్చే పని ఇచ్చింది. ఆరేళ్లు ఊడ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ ఒక సంగతి కనిపెట్టింది. చెయ్యి కుదిరినవాడి కింద రజను ఒక్కచోటే పిండిలా రాలుతుంది, కుదరనివాడి కింద చిల్లరగా చెదురుతుంది. బల్ల కింద చూసి బల్ల మీద పని ఎలా ఉందో చెప్పేసేది. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక, పారేసిన ముక్క ఒకటి వైస్‌లో బిగించి తనే ఆకురాయితో రాకింది. అప్పుడు కుర్ర మెకానిక్‌గా ఉన్న ఇప్పటి సూపరింటెండెంట్ చూశాడు, తిట్టలేదు. సాయంత్రం తరగతుల్లో చేర్పించాడు. ఫిట్టర్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, “మగాడి పని నేర్చుకున్నావు సరే, మగాడి జీతం ఇస్తారా లేదా అడిగొచ్చావా?” అంది. అడిగొచ్చింది. ఇచ్చారు.

ఎనిమిదింటికి, పిల్లలింకా రాకముందే, సూపరింటెండెంట్ వచ్చాడు. రోజూ గుమ్మంలోంచే చెయ్యి ఊపి పోయే మనిషి, ఈవేళ లోపలికి వచ్చి రేకు తలుపు దగ్గరగా వేశాడు. పనివేళల్లో ఆ తలుపు వేయగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కీళ్లు కీచుమన్నాయి.

“కీళ్లకి నూనె వెయ్యాలి” అంది.

“తర్వాత వేద్దువుగాని. కూర్చోమ్మా.”

ఆమె కూర్చోలేదు.

“మెరిట్ స్కాలర్‌షిప్ జాబితా మధ్యాహ్నం పెడుతున్నారు. పదో పేరుకీ పదకొండో పేరుకీ ఒక్కటంటే ఒక్క మార్కు తేడా.”

మొదటి ఏడాది పరీక్షల్లో పైనున్న పదిమందికి ఆ స్కాలర్‌షిప్. వాళ్ల మిగిలిన మూడేళ్ల ఫీజు, హాస్టల్, పుస్తకాలు అన్నీ యూనివర్సిటీవే. లెక్కలు, డ్రాయింగ్, మిగతా పేపర్లన్నిటితో పాటు వర్క్‌షాప్ ఇరవై ఐదు మార్కులూ అందులో కలుస్తాయి. ఆ ఇరవై ఐదూ ఆమె చేతివి. ఏటా జాబితా పెట్టగానే వెళ్లి, వేలితో ఒక్కొక్క పేరూ చదువుకుని, ఎవరి మొత్తంలో తన అంకె ఎంత ఉందో గుర్తు చేసుకోవడం ఆమెకు అలవాటు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

“పదకొండు ఎవరు?”

“డీన్ గారి అన్న కూతురు.”

ఆమె చేతిలోని బ్రష్ ఆగింది. ఆ పిల్ల తనను పెద్దమ్మా అంటుంది. గంట కొట్టాక కూడా ఉండి పక్కవాళ్ల బల్లలు సైతం తుడిచి పోతుంది. తండ్రి పోయాక బాబాయి ఇంట్లో పెరుగుతోంది. “హాస్టల్‌కి వెళ్తే ఎంత హాయో పెద్దమ్మా, నా కంచం ఒక్కటే కడుక్కుంటే చాలు” అని ఒకసారి నవ్వుతూ అంది. ఆ నవ్వు చూసి ఆమెకు ఆ పూట అన్నం సహించలేదు.

“పదో పేరు?”

సూపరింటెండెంట్ గోడవైపు చూశాడు. “అర్జీ.”

ఆ కుర్రాడి పేరు అందరికీ అదే అయిపోయింది. మొదటి టెర్మ్‌లో వాడు చేసిన ముక్కను ఆమె మూడుసార్లు తుక్కు డబ్బాలో పడేసింది. అరచేతుల్లో పొక్కులతో వాడు గదికి పోయి, పెద్దవాళ్లందరికీ ఒక అర్జీ రాశాడు. ఏడో తరగతి చదివిన ఆవిడ కాబోయే ఇంజనీర్లకు మార్కులు వేయడం ఏ నిబంధన ప్రకారం అని అడిగాడు. అర్జీ ఏదో సొరుగులోకి పోయింది. ఆర్నెల్లుగా వాడు ఆమెను పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలవలేదు.

“రిజిస్టరులో ఆ అమ్మాయికి పదిహేడు వేశావు. పంతొమ్మిది చేసి పక్కన పొడి సంతకం పెట్టు. ఎవరికీ పోయేదేం లేదు.”

“అర్జీకి పోతుంది కదా సార్.”

“నీ మీద రాసినవాడికి నువ్వే వకాల్తానా?”

ఆమె బీరువా తెరిచి రెండు ముక్కలు తీసింది. ఒక్కోటీ రెండు ఉక్కు పలకల జోడు. ఒక పలకకు గాడి, ఇంకో పలకకు ఆ గాడిలో కూర్చునే నాలుక. పరీక్షలో ఇచ్చే పని అదే. రెండూ బిగిసి కూర్చుంటే వాటి మధ్య వెలుతురు కూడా దూరకూడదు. మొదట అర్జీ ముక్కను కిటికీకి ఎదురుగా పట్టుకుంది. కుడిమూల సూదిమొనంత మెరుపు, మిగతా అంతా నలుపు. తర్వాత ఆ అమ్మాయిది పట్టుకుంది. ఎడమ అంచు పొడుగునా తెల్లటి దారం లాగినట్టు వెలుగు.

“చూశారుగా. ఇనుముకి బాబాయిలుండరు సార్.”

“పిల్ల మంచిదమ్మా. అవసరంలో ఉంది.”

“ఉంది. మీకంటే నాకే బాగా తెలుసు. అవసరానికి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి పెట్టమనండి డీన్ గారిని. కావాలంటే ఆ కాయితం మీద మొదటి సంతకం నాది. ఇది మాత్రం పనికిచ్చేది.”

“నువ్వు దిద్దనంటే నేను పైకేం చెప్పను?”

ఆమె రిజిస్టరు తెచ్చి బల్ల మీద తెరిచింది. పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. “మీరే దిద్దండి. మీ చేత్తో, మీ సంతకంతో. నేను అడ్డురాను.”

అతను పెన్నువైపు చూశాడు. ముట్టుకోలేదు.

“నన్ను ఇరికించకమ్మా.”

“ఇరుక్కున్నది ఇద్దరమూ. కాకపోతే పిడి మీ చేతిలో ఉంది.”

అతను తలుపు బార్లా తీసి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక ఆమె కిటికీ దగ్గరికి జరిగింది. మళ్లీ ఆ అమ్మాయి ముక్క తీసింది. కిరసనాయిల్ గుడ్డతో తుడిచింది, నాలుకను తిరగేసి పెట్టింది, కళ్లజోడు మార్చి మార్చి చూసింది. తనే పొరపాటు పడి ఉండాలని మనసారా కోరుకుంది. తెల్లదారం అలాగే ఉంది. పరీక్ష రోజున పక్క బల్ల పిల్ల ఇనుము కోసే హాక్సా బ్లేడు విరగ్గొట్టుకుంటే, తన పని ఆపి ఈ పిల్లే వెళ్లి కొత్తది బిగించి ఇచ్చింది. అక్కడ పోయాయి పది నిమిషాలు. ‘నీ పని నువ్వు చూసుకోవచ్చు కదే తల్లీ’ అని ఆమె ముక్కనే తిట్టింది. ముక్కను బీరువాలో పెట్టి తాళం వేసింది.

పన్నెండున్నరకు జాబితా పెట్టారు. ఆమె ఈసారి చూడటానికి వెళ్లలేదు. అన్నం డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నదో లేదో, గుమ్మంలో ఆ అమ్మాయి.

“పదకొండు, పెద్దమ్మా.”

“తెలుసు.”

“నా ముక్క ఒకసారి చూడొచ్చా?”

ఆమె చెయ్యి కడుక్కుని బీరువా తెరిచింది. అమ్మాయి తానే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

“ఉంది. వెలుగు” అంది.

“మీ బాబాయి మార్కులు పెంచమని అడిగించాడు. నేను కుదరదన్నాను. నా మీద కోపం వస్తే రానీ, ఇంకెవరో చెప్పగా వినడం కంటే నా నోటే విను.”

అమ్మాయి చటుక్కున తిరిగింది. ముఖం ఎర్రబడింది. “ఆయన్ని నేను అడగమన్లేదు పెద్దమ్మా. ఒట్టు.”

“నువ్వు అడగవని తెలుసులే.”

“పెంచి ఉంటే జన్మంతా ఇంట్లో వినిపించేవాళ్లు.” అమ్మాయి ముక్కను వైస్‌లో పెట్టి పిడి తిప్పింది. “ఒక ఆకురాయి ఇస్తారా? మార్కుల కోసం కాదు.”

ఆమె సన్న పళ్లది వెతికి, పళ్లలో రజను ఇరుక్కోకుండా సుద్ద రుద్ది ఇచ్చింది. అమ్మాయి గంటసేపు రాకింది. చూపుకు ఆననంత సన్నగా, పిండిలా, ఒక్కచోటే రాలింది రజను. చివర ముక్కను ఎత్తి పట్టుకుంటే అంతా నలుపే. పదిమందిలో ఎవరైనా రెండో ఏడు జారితే పదకొండో పేరు పైకి వస్తుందన్న నిబంధన ఆమెకు తెలుసు. పిల్లకూ తెలిసే ఉంటుంది. అది ఓదార్పుగా చెప్పబుద్ధి కాలేదు.

మూడింటికి ఆఫీసు అటెండరు కవరు తెచ్చాడు. అతను ఎప్పుడూ కవరు ఇచ్చి రెండు కబుర్లు చెప్పి పోయేవాడు, ఇప్పుడు కవరు ఇచ్చి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఒక విద్యార్థి ఇచ్చిన అర్జీని పరిశీలించిన మీదట, డిగ్రీ లేనివారు మార్కులు వేయరాదని నిర్ణయించారు. సోమవారం నుంచి ఆమె స్టోర్స్‌లో పని చేయాలి.

ఆర్నెల్లు సొరుగులో నిద్రపోయిన అర్జీ ఏడు గంటల్లో లేచి కూర్చుంది.

“అందినట్టు రాసివ్వాలట” అన్నాడు అటెండరు. “నన్నేమీ అనుకోకమ్మా.”

“నిన్నెందుకంటాను? కాయితం ఇలా తే.”

ఆఫీసు కాపీ కింద ఆమె పెద్ద అక్షరాలతో నిదానంగా రాసింది. ‘అందినది. రిజిస్టరులో మార్కులు మార్చలేదు.’ కింద పొడి సంతకం కాదు, పూర్తి సంతకం చేసింది. తేదీ వేసింది. అటెండరు ఒకటికి రెండుసార్లు చదివాడు.

“ఇది ఫైల్లో ఉండిపోతుందమ్మా.”

“అందుకే రాశాను.”

ఆ వార్త ఆమె కంటే ముందు ఆవరణ అంతా తిరిగొచ్చింది. నాలుగున్నరకు అర్జీ పరుగున వచ్చి గుమ్మంలో ఆగాడు. ఎముకలు కనిపించే పొడుగాటి కుర్రాడు. మధ్యాహ్నం నుంచి అందరూ అభినందించి ఉంటారు, ఆ సంతోషం ముఖంలో సగంలోనే చెదిరిపోయి ఉంది.

“అమ్మా...” అన్నాడు. మొదటిసారి. “మీ మీద రాసింది నేనే.”

“తెలుసు. చేతిరాత బాగుంది. ఆ శ్రద్ధ మొదట్లో మూలలు రాకడంలో పెట్టలేదు గానీ.”

“నా మార్కు కాపాడినందుకు మీకిలా...”

“నీ మార్కు నేను కాపాడలేదు. నీ ముక్క కాపాడింది. కుడిమూల కాస్త వదిలావు కాబట్టి పంతొమ్మిది, లేకపోతే ఇరవై రెండు వేసేదాన్ని. నీ మొహం చూసి వేస్తే పన్నెండు కూడా దాటేది కాదు.”

వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “అర్జీ వెనక్కి తీసుకుంటానమ్మా. ఇప్పుడే వెళ్లి రాసిస్తాను.”

“ఎందుకు? నేను చదివింది ఏడో తరగతే. నువ్వు అబద్ధం రాయలేదు.”

“అది కాదు...”

“సంతకం పెట్టిన కాయితం వెనక్కి తీసుకోకు నాయనా. ఈవేళ నేనూ తీసుకోలేదు.” ఆమె కోటు గుండీలు విప్పుకుంది. “నీకంత బాధగా ఉంటే ఇంకో అర్జీ రాయి. డిగ్రీ ఉన్నవాళ్లకి ఆకురాయి పట్టుకోవడం వచ్చో రాదో పరీక్ష పెట్టమని. దాని మీద నేనూ సంతకం చేస్తా.”

వాడు ఆ రాత్రికే రాశాడని, ఇరవై మంది సంతకాలు చేశారని, రెండో సంతకం డీన్ గారి అన్న కూతురిదని ఆమెకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అయిదు గంటలకు గంట కొట్టింది. ఆమె ఇరవై నాలుగు వైసులూ మూసింది. బీరువా తాళాలు, రిజిస్టరు సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టింది. అతను తలెత్తాడు. “తలుపు కీళ్లకి నూనె వేశాను” అని చెప్పి, డబ్బా సంచీ భుజాన వేసుకుని, ఎండ ఇంకా తగ్గని వీధిలోకి నడిచింది. బస్సు వచ్చేలోగా ఎన్నడూ లేనిది ఒక సోడా కొనుక్కుని, నిలబడి, చివరి గుక్క దాకా తాగింది. ఇంట్లో అత్తగారు అంతా విని, “స్టోర్సులో కుర్చీ ఇస్తారటా?” అని మాత్రం అడిగింది.

సోమవారం ఫిట్టింగ్ షాప్‌కి డిగ్రీ ఉన్న కొత్త ఇన్‌స్ట్రక్టర్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఏ వైస్ అయినా మోచేతికి అందుతుంది. మొదటి బల్ల దగ్గర నిలబడబోతూ కాలికి ఏదో తగిలి కిందికి చూశాడు. జానెడు ఎత్తున్న చెక్క పీట. పొట్టి మనిషి ఎవరో ఏళ్ల తరబడి దాని మీద నిలబడి పని చేసినట్టున్నారు. తీసి పారేద్దామా అని పిల్లల వైపు చూశాడు. ఇరవై నాలుగు వైసుల దగ్గరా చేతులు ఆగిపోయాయి, ఒక్కరూ కదల్లేదు. అతను కాస్త పక్కకి జరిగి నిలబడ్డాడు. పీట అక్కడే ఉండిపోయింది, నడిమధ్య రెండు పాదాల మేర గుంటలు పడి, నున్నగా, నల్లగా.