ఎర్గష్ చూడని గోలు

ఎర్గష్ తల తందూరు లోపలుంది. నడుం దాకా వంగి, కుడిచేతికి తొడుక్కున్న గుండ్రటి దిండుతో పచ్చి రొట్టెని లోపలి గోడకి ఛట్టున కొట్టాడో లేదో, ఎదురు టీ కొట్లో జనం "గో...ల్!" అని ఒక్కసారిగా లేచారు. ఎర్గష్ గబుక్కున తల బయటికి లాక్కుని, కళ్లలోకి కారుతున్న చెమటతోనే తన కొట్టు గోడ మీది టీవీ వంక చూశాడు. బంతి అప్పటికే వల్లో పడుంది. కుర్రాళ్లు ఒకళ్లమీద ఒకళ్లు పడి దొర్లుతున్నారు.

"మళ్లీ చూపిస్తాడులెండి," అంది ఓయ్‌నిస. ఆవిడ గుమ్మం ముందు, చంటిపిల్లల్ని తిప్పే పాత బండిలో అమ్మకానికి రొట్టెలు పేర్చుకుంటోంది.

"మళ్లీ చూపించేది గోలు కాదే. గోలు ఫోటో."

ఓయ్‌నిస నవ్వింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మాట ఎన్నిసార్లు విందో ఆవిడకే తెలీదు.

ఎర్గష్ పొట్టి మనిషి. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్లీ మొలవడం మానుకున్నాయి. కుడిచెయ్యి మోచేతి దాకా చంటిపిల్లాడి చెయ్యిలా నున్నగా ఉంటుంది, ఒక్క వెంట్రుక ఉండదు. ఫుట్‌బాల్ అంటే పడి చస్తాడు. ఆడేవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఎవడికి ఏ మోకాలు నొప్పో కూడా చెప్తాడు. కానీ ఏం లాభం? కోకంద్ ఊరంతా వేడి రొట్టె కోసం వచ్చేది సాయంత్రం. ఆటలూ సాయంత్రమే. మనవాళ్లు గోలు కొట్టే టైముకి ఈయన తల ఎప్పుడూ తందూర్లోనే ఉంటుంది. పోనీ కాసేపు ఆగుదామంటే రొట్టె ఆగదు, అంచు నల్లబడిపోద్ది. అట్లా, గోలు పుట్టడం ఈ మనిషి ఒక్కసారి కూడా కళ్లారా చూళ్లేదు.

అందుకే ఆసియా కుర్రాళ్ల కప్పు టాష్కెంట్‌లో అనగానే, ఎర్గషూ, పక్క కొట్టు మంగలి తుర్దివాయూ కలిసి, తుర్దివాయ్ కొడుకు చేత రెండు టిక్కెట్లు తీయించారు. గోలుపోస్టు వెనకాలే సీట్లు. ఆట రేపు సాయంత్రం. రైలు ఇవాళ సాయంత్రమే.

తుర్దివాయ్ సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి, సబ్బు చేత్తోనే వచ్చాడు.

"ఒరే ఎర్గషూ, సర్దుకున్నావా? రైలు కొండ సొరంగం దాటగానే చలేస్తది, కోటు పెట్టుకో. దిగగానే మెట్రో. అక్కడ మెట్లే నడుస్తాయిరా, నువ్వు ఊరికే నిలబడితే చాలు."

"పడిపోనూ?"

"పడితే పట్టుకోడానికి నేను లేనూ! నేను పోయినోణ్ని కదా."

తుర్దివాయ్ టాష్కెంట్ పోయింది ఒక్కసారి, పన్ను పీకించుకోడానికి. ఆ ఒక్క పన్ను మీద నెలరోజులుగా ఊరందరికీ టాష్కెంట్ చూపిస్తున్నాడు.

"మీ మరదలు ఇంట్లో పడుకోడానికి చోటుంటదా?" అనడిగాడు ఎర్గష్.

"తొమ్మిదో అంతస్తు. పడుకోడానికి చోటుంది, గురక పెట్టడానికి లేదు. అవునూ, ఈ మూటేంట్రా?"

"రొట్టెలు. ఉత్త చేతుల్తో ఎట్లా పోతాం?"

"టాష్కెంట్‌లో రొట్టె దొరకదా?"

"దొరుకుద్ది," అన్నాడు ఎర్గష్ జాలిగా. "పాపం, వాళ్లు దాన్నే రొట్టె అనుకుంటారు."

ఇద్దరూ పడీపడీ నవ్వుతుండగానే పేట పెద్ద సైదుల్లా వచ్చాడు. తెల్లటి గడ్డం, చేతికర్ర. ఎర్గష్ మర్యాదగా గుండె మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాయనా, రేపు మా మనవడి పెళ్లి. పైవీధి వాళ్లకి రొట్టెలు చెప్పుకున్నాం. ఇందాకే వాళ్ల తందూరు గోడ కూలిపోయిందంట. సాయంత్రం మూడొందల మందికి పలావు పెట్టాలి. రొట్టె లేకుండా ఎట్లా?"

ఎర్గష్ మూట వంక చూశాడు. తుర్దివాయ్ వంక చూళ్లేదు. పెళ్లి విస్తట్లో రొట్టె లేదంటే పేటకే తలవంపులు. పైగా తన కూతుళ్లిద్దరి పెళ్లిళ్లకీ పలావు దగ్గర తెల్లారిందాకా నిలబడ్డ మనిషి ఆయన.

"అయిపోద్ది బాబాయ్. మీరు నిమ్మళంగా వెళ్లండి."

పెద్దాయన దీవించి వెళ్లిపోయాడు. తుర్దివాయ్ చేతిమీద సబ్బు ఎండిపోయింది.

"అయితే?"

"అయితే ఏముంది, నువ్వు పోయిరా. వచ్చి నాకు చెప్పు." మూట ముడి విప్పడం మొదలుపెట్టాడు ఎర్గష్. "విని విని అలవాటేగా."

"ఆ ముడి విప్పకండి," అంది ఓయ్‌నిస.

బండి దగ్గర్నించి లేచొచ్చి, మొగుడి చేతికున్న దిండు లాక్కుంది. పిండి ముద్ద తీసి రెండు చేతుల మధ్య తిప్పి సాగదీసింది. నడుమ ముళ్లున్న చెక్క ముద్రతో పొడిచింది, నల్లజీలకర్ర చల్లింది. దిండు మీద పరుచుకుని, తల లోపల పెట్టి, ఛట్!

"కాల్చుకుంటావే!" అన్నాడు ఎర్గష్.

"మా అమ్మగారింట్లో పన్నెండేళ్లప్పటి నుంచీ నేనే కాల్చేదాన్ని. రొట్టెలోడికిచ్చి చేశారు కాబట్టి మానేశాను. రేపు కూతుళ్లిద్దరూ వచ్చి పిండి పిసుకుతారు. మీరు లేకపోతే ఊరు పస్తుంటుందనుకుంటున్నారా?"

"వదినా, నీ నోట్లో చక్కెర పొయ్యా!" అని తుర్దివాయ్ తన కొట్లోకి పరిగెత్తాడు. అక్కడ సగం గడ్డం మనిషి కుర్చీలోంచి కేకలేస్తున్నాడు.

ఓయ్‌నిస రొట్టె బయటికి తీసింది. బంగారం రంగులో పొంగి ఉంది. రెండు చేతుల్తో పట్టుకుని మొగుడి ముందు నిలబడింది.

"కొరకండి."

ఎర్గష్ సిగ్గుతో ఎర్రబడ్డాడు. మామూలుగానే ఎర్రగా ఉండే మొహం అది, ఇంకాస్త ఎర్రబడింది. ప్రయాణానికి వెళ్లేవాడు రొట్టె ఓ ముక్క కొరకాలి. మిగిలింది అతను తిరిగొచ్చేదాకా మేకుకి వేలాడదీస్తారు. సైన్యానికి పోయే కుర్రాళ్లకీ, రష్యాకి పనికి పోయేవాళ్లకీ అట్లాంటి రొట్టెలు ఈ తందూర్లో ఎన్ని కాల్చాడో. తిరిగొచ్చినోళ్లు వచ్చి మొక్కినప్పుడల్లా తనే వెనక్కి లాక్కొచ్చినట్టు పొంగిపోయేవాడు.

"రెండ్రోజులకి ఇదేంటే? నవ్వుతారు."

"నవ్వనీండి. ఊరందరికీ కాల్చారు. మీకెవరు కాల్చారు?"

ఎర్గష్ కొరికాడు. నమిలాడు. నమలడం ఆపాడు. మళ్లీ మెల్లగా నమిలాడు. తెల్లారి లేస్తే తను కాల్చిందే తినడం. ముప్పై ఏళ్లలో పెళ్లాం చేతి రొట్టె రుచి చూడ్డం ఇదే మొదలు.

"ఎట్లా ఉంది?"

ఎర్గష్ నోట్లోది మింగాడు. వంగి, గబుక్కున ఇంకో ముక్క కొరికాడు.

"ఒక్కసారే!" ఓయ్‌నిస రొట్టె వెనక్కి లాగి, నున్నటి ఆ చేతిమీద ఒక్కటేసింది. "మొత్తం తినేస్తే దేనికోసం తిరిగొస్తారు?"

"దానికోసమే వస్తా," అన్నాడు ఎర్గష్ నోటినిండా రొట్టెతో. "ఇన్నాళ్లూ దాచుకుంటావా? దొంగముండా!"

సాయంత్రం ఎండ పసుపురంగుకి తిరిగాక, తుర్దివాయ్ ముందు, మూట భుజానేసుకుని ఎర్గష్ వెనక, సందు చివరికి నడిచారు. తుర్దివాయ్ చేతులు గాల్లో పైకెత్తి ఏదో చూపిస్తున్నాడు, తొమ్మిదో అంతస్తు కాబోలు. మలుపు దగ్గర ఎర్గష్ ఒకసారి ఆగి తందూరు పొగ వంక చూశాడు. చెయ్యూపి, మలుపు తిరిగాడు.

మర్నాడు పెళ్లి రొట్టెల్లో ఆఖరి వాయి. ఓయ్‌నిస తల తందూరు లోపలుంది. ఎదురు టీ కొట్లో జనం ఒక్కసారిగా లేచారు. బల్లలు పడ్డాయి, గిన్నెలు పగిలాయి, ఎవడో ఈలేశాడు.

"అమ్మా! మనవాళ్లే! చూశావా?" చిన్నకూతురు పిండి చేతుల్తో గెంతింది.

ఓయ్‌నిస తొందరపడలేదు. చేతిలో రొట్టె గోడకి అతికించి, నింపాదిగా తల బయటికి తీసింది. మొహం కందగడ్డలా ఉంది. ఒక కనుబొమ కొస కాస్త కాలింది. టీవీలో బంతి అప్పటికే వల్లో పడుంది, ఆ వల వెనకాల జనం చేతులెత్తి ఊగుతున్నారు.

"నేను చూళ్లేదు," అని పకపకా నవ్వింది ఆవిడ. "ఆయన చూసుంటాడు."

ఆమె వెనక, టీవీ పక్కన మేకుకి రొట్టె వేలాడుతోంది. బంగారం రంగు అంచుకి, పక్కపక్కనే రెండు కొరుకులు.