టికెట్టున్న గంప

నేను ఒక వెదురు గంపను. బాన్సువాడలో మేదరి సాయవ్వ చేతుల్లో పుట్టాను. మొదట ఒక ఉల్లిగడ్డల వ్యాపారి కొన్నాడు. నా అడుగు ఊడేదాకా వాడుకుని, ఎండుచేపలమ్ముకునే గంగామణికి అంటగట్టాడు. ఆవిడ అడుగు బాగుచేయించి నాలో ఎండుచేపలు నింపింది. ఆనాటి నుంచి పిల్లులు తప్ప నా దగ్గరికి ఎవరూ ప్రేమగా రాలేదు.

ప్రతి అంగడి రోజూ మేమిద్దరం బస్సులో ఎల్లారెడ్డి వెళతాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక కండక్టర్ ఆవిడకు సున్నా రూపాయల టికెట్టు ఇస్తున్నాడు. నాకు మాత్రం ముక్కు మూసుకుని ముప్పై రూపాయల లగేజీ టికెట్టు కొడుతున్నాడు. అప్పటినుంచి నాకు కాస్త పొగరెక్కిన మాట నిజమే.

మొన్న బస్సు కిక్కిరిసి ఉంది. గంగామణికి మోకాలు వాచి, నిలబడితే ప్రాణం పోతోంది. కిటికీ పక్కన తెల్లచొక్కా సారు ఒకడు పక్క సీట్లో తన సంచిని కూర్చోబెట్టాడు. జరగమంటే కస్సుమన్నాడు.

"ఫ్రీగ ఎక్కెటోళ్లకు సీట్లు గూడ గావాల్నా?"

నలుగురు నవ్వారు. గంగామణి ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఆ సారు సంచి తీసి ఆయన చేతికిచ్చి, ఆ సీట్లో నన్ను పెట్టింది.

"నిజమే సారూ. నాది సున్న టికెట్టు, నేను నిలవడ్త. గంప పైసలు గట్టింది, అది కూసుంటది."

సారు కండక్టర్‌ను పిలిచాడు. కండక్టర్ రెండు టికెట్లూ తిరగేసి చూశాడు. "టికెట్టుంది గదా సార్, నేనేం జెయ్యాలె?" అని వెళ్ళిపోయాడు.

ఎండ ముదిరింది. నా వాసనా ముదిరింది. సారు తల సగం కిటికీ బయటే ఉంది. గంగామణి మాత్రం కడ్డీ పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఆ పంతం చూసి నాకు గర్వం, ఏడుపు రెండూ వచ్చాయి. చివరికి సారే చూడలేకపోయాడు.

"కూసో అవ్వా. గంప కింద పెట్టు."

"టికెట్టున్నదాన్ని కింద కూసోవెడ్తరా సారూ?"

ఆయన కళ్ళు మూసుకుని నన్ను ఒళ్ళోకి తీసుకున్నాడు. గంగామణి కాలు చాపుకుని కూర్చుని, హమ్మయ్య అంది.

ఎల్లారెడ్డిలో దిగేముందు ఆవిడ నాలోంచి గుప్పెడు చేపలు తీసి కాగితంలో చుట్టి ఆయనకు అందించింది. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"పైసలొద్దు సారూ. ఫ్రీగ తీసుకుంటే ఇజ్జత్ ఏం పోదు."

సారు అటూ ఇటూ చూసి, పొట్లం సంచిలో వేసుకున్నాడు.